మూరెడు తాడు పుట్టించిన చుక్క

మా అక్క కూతురు ఐదో తరగతి చదువుతోంది. ఈ సాయంత్రం దిద్దిన గణితం పేపరు ఇంటికి తెచ్చింది. 3 మీటర్ల 5 సెంటీమీటర్ల తాడు పొడవును మీటర్లలో రాయమన్న ప్రశ్నకు పిల్ల 3.05 అని రాస్తే, దానిని ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేసి, పక్కన 3.5 అని రాసి, సున్నా మార్కులు వేశారు. తరగతి వాట్సాప్ గ్రూపులో మర్యాదగానే అడిగాను. 'కీలో అలాగే ఉంది మేడమ్' అని జవాబు వచ్చింది. ఆ వెనకే చేతులు జోడించిన బొమ్మ కూడా. కీలో ఉంటే ఇక అప్పీలు లేదన్నమాట.

సరే, వారి కీ ప్రకారమే లెక్క వేద్దాం. మీటరుకు వంద సెంటీమీటర్లు కాబట్టి 3.5 మీటర్లంటే 350 సెంటీమీటర్లు. ప్రశ్నలోని తాడు 305 సెంటీమీటర్లే. మిగిలిన 45 సెంటీమీటర్లు, అంటే ఇంచుమించు ఒక మూర, ఎక్కడి నుంచి ఊడిపడింది? గుడి ముందు మల్లెపూలు అమ్మే ఆవిడ ఎంత బతిమాలినా మూరెడు దండ ఊరికే ఇవ్వదు గానీ, బడిలో మాత్రం ఒక్క సున్నా కొట్టేసి మూరెడు తాడు దానం చేసేస్తున్నారు. మరి 3 మీటర్ల 50 సెంటీమీటర్లను ఎలా రాయాలండీ అని అడిగితే '3.50' అన్నారు. 3.5 వేరు, 3.50 వేరు అని కనిపెట్టిన బడికి ఏటా ఫీజు పెంచుకునే హక్కు ఉండాల్సిందే.

ఇంతకంటే మంట పుట్టించేది మరొకటి ఉంది. ఇదే పిల్ల నోటు పుస్తకంలో కిలోమీటరు, హెక్టోమీటరు, డెకామీటరు, మీటరు, డెసీమీటరు, సెంటీమీటరు, మిల్లీమీటరు అంటూ ఏడు మెట్లు గీయించి, కిందికి దిగితే పదితో గుణించాలనీ పైకెక్కితే పదితో భాగించాలనీ వల్లె వేయించారు. బజారులో ఎవరూ పలకని హెక్టోమీటరును సైతం బట్టీ పట్టించారు. ఆ మెట్ల ప్రకారమే చూసినా 3 మీటర్ల 5 సెంటీమీటర్లంటే 3 మీటర్లు, 0 డెసీమీటర్లు, 5 సెంటీమీటర్లు. పిల్ల రాసిన సున్నా డెసీమీటరు స్థానంలో కూర్చున్న సున్నా. డెసీమీటరును వల్లె వేయించిన చేతితోనే, అది లెక్కలో అవసరపడిన ఒకే ఒక్క చోట కొట్టేశారు. ఇక స్కేలు పట్టుకొని బల్ల పొడవు ఎంతో కొలవమని ఈ ఏడాది ఒక్కసారైనా అడిగారా అంటే, సిలబస్ పూర్తి కావాలట.

అయినా ఆ ఒక్క టీచరును అని ఏం లాభం? చుక్కను రెండు కొలతల మధ్య గోడగా వాడటం మన పెద్దలందరికీ అలవాటే. పెళ్లి ప్రకటనల్లో ఐదడుగుల ఆరంగుళాలను 5.6 అని రాస్తారు. ఆ లెక్కన 5.10 ఉన్న అబ్బాయి 5.9 ఉన్న అబ్బాయి కంటే పొడగరి. క్రికెట్‌లో 4.3 ఓవర్లంటే నాలుగు ఓవర్ల మూడు బంతులు. అది ఆటలో పెట్టుకున్న గుర్తు కాబట్టి పోనిద్దాం. మెట్రిక్ కొలతల చట్టం 1956లోనే వచ్చింది, 1957 ఏప్రిల్ 1 నుంచి రూపాయికి వంద నయా పైసలయ్యాయి. పైసలు చెల్లిన కాలంలో మూడు రూపాయల ఐదు పైసలను 3.50 అని రాసిన కొట్టువాడు సాయంత్రానికి గల్లాపెట్టె ముందు కూర్చుని ఏడ్చేవాడు. ఇప్పుడు పైసలూ లేవు, మీటర్లూ నోటు పుస్తకం దాటి రావు. స్థలం గజాల్లో కొంటాం, ఫ్లాటు చదరపు అడుగుల్లో బేరమాడతాం. ప్లైవుడ్ షీటైతే మరీ విడ్డూరం: పొడవు వెడల్పులు ఎనిమిదికి నాలుగు అడుగులు, మందం మాత్రం 18 మిల్లీమీటర్లు.

ఇవన్నీ చిన్న విషయాలని సర్దుకుపొమ్మనేవారు కానిస్టేబుల్ ఉద్యోగాల నోటిఫికేషన్ చూడండి. మన రాష్ట్రాల్లో పురుషులకు సాధారణంగా అడిగే కనీస ఎత్తు 167.6 సెంటీమీటర్లు, అంటే ఐదడుగుల ఆరంగుళాలు. ఐదడుగుల ఐదంగుళాల కుర్రాడు చిన్నప్పటి నుంచి తన ఎత్తును 5.5 అని రాసుకుంటూ వచ్చి, ఫోనులో 5.5 అడుగులని కొడితే 167.64 అని చూపిస్తుంది. అర్హత ఉందని మురిసిపోయి, కోచింగ్‌కు డబ్బు కట్టి, నెలల తరబడి తెల్లవారుజామున పరుగులు తీస్తాడు. తీరా ఈవెంట్స్ రోజున, అంటే దేహదారుఢ్య పరీక్షల నాడు, నిలబెట్టి కొలిస్తే 165.1 వస్తుంది.