వాడిని ‘తిన్నావా’ అని అడిగిందెవరు?

2023 మే 22 రాత్రి వాషింగ్టన్‌లో, వైట్‌హౌస్ పక్కన, ఒక అద్దె ట్రక్కు ఇనుప అడ్డుకట్టల్ని గుద్దింది. నడుపుతున్నవాడు వెనక్కి తీసి మళ్లీ గుద్దాడు. కిందికి దిగి బ్యాగులోంచి నాజీ జెండా బయటికి తీశాడు. వయసు 19 ఏళ్లు. మన తెలుగు పిల్లాడు. సెయింట్ లూయిస్ నుంచి అదే రోజు వన్‌వే టికెట్ మీద విమానంలో వచ్చాడు. అధికారం చేజిక్కించుకుందామని వచ్చాననీ, ఆరు నెలల నుంచి ప్లాన్ చేస్తున్నాననీ పోలీసులకు చెప్పాడు. 2025 జనవరిలో కోర్టు ఎనిమిదేళ్ల శిక్ష వేసింది. మానసిక అనారోగ్యం ఉందని అతని లాయర్ కోర్టుకు చెప్పారు. కాబట్టి ఆ పిల్లాడి విషయంలో అంతా ఇంటర్నెట్‌లో నూరిపోసే ద్వేషం మీదకి నెట్టేయను. పేరు కూడా రాయను.

ఆ వార్త వచ్చిన రోజు మా వాట్సాప్ గ్రూపుల్లో నడిచిన చర్చ ఒక్కటే. ఏ జిల్లా, మనవాళ్లేనా, అమ్మానాన్నలు ఏం చేస్తారు. రెండో రోజుకి మర్చిపోయాం. నేనూ మర్చిపోయాను. మన రంగు మనుషుల్ని మనుషులుగానే లెక్కపెట్టని జెండాని మన పిల్లాడు ఎందుకు పట్టుకున్నాడు అన్న ప్రశ్న నాకు తట్టింది ఏడాది తర్వాత, మా పిన్ని కొడుకు వల్ల.

వాడిని ఇక్కడ చిన్నోడు అంటాను. 24 ఏళ్లు. వాడి అనుమతి తీసుకునే రాస్తున్నాను. బీటెక్ అయ్యాక రెండేళ్లు అమీర్‌పేట హాస్టల్లో ఉండి ఒక కోర్సు తర్వాత ఒకటి నేర్చుకున్నాడు. ముగ్గురు ఉండే గది. మిగతా ఇద్దరికీ ఉద్యోగాలొచ్చి వెళ్లిపోయారు. కొత్తగా వచ్చినవాళ్లతో వీడు కలవలేదు. మొదట్లో ప్రతి ఆదివారం మా ఇంటికి భోజనానికి వచ్చేవాడు. చెప్పులు విప్పేలోపే మేం అడిగేది, “ఇంటర్వ్యూ ఏమైందిరా?” నేనే అడిగేదాన్ని. మెల్లగా రావడం మానేశాడు. ఫోన్ చేస్తే “పనుంది అక్కా” అనేవాడు. నాలుగు నెలలు అలా గడిచాయి.

ఒక శనివారం నేనే వెళ్లాను. మధ్యాహ్నం రెండైంది, గదిలో చీకటి. కిటికీకి దుప్పటి కట్టేశాడు. మూలన బకెట్లో నానబెట్టిన బట్టలు రెండు రోజుల నాటివి, వాసనొస్తున్నాయి. మంచం కింద కర్రీ పాయింట్ కవర్లు, వాటి రబ్బరు బ్యాండ్లు. వాడు గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు, ఫోన్ చార్జింగ్‌లోనే ఉంది, చేతిలోనే ఉంది. బయటికి తీసుకెళ్లి టిఫిన్ తినిపించాను. తింటూ తింటూ అన్నాడు, “అక్కా, నీ జీతం బావ కంటే ఎక్కువ కదా. అలాంటి కాపురాలు నిలబడవంట.”

ఆ ‘అంట’ దగ్గర ఆగిపోయాను. ఎవరంట? మా పిన్ని అనదు. బాబాయ్ అనడు. వాడి స్నేహితులు ఇద్దరూ బెంగళూరులో ఉన్నారు. చిన్నప్పుడు నేను ఎత్తుకుని తిరిగిన పిల్లాడి నోట్లో ఎవరి మాట ఇది?

అక్కడే తప్పు చేశాను. గట్టిగా అరిచాను. సిగ్గులేదా, నీకు అక్కలు లేరా, అమ్మ లేదా అని టిఫిన్ సెంటర్‌లో నలుగురి ముందూ కడిగేశాను. వాడు ఒక్క మాట మాట్లాడలేదు. చాలా రోజుల తర్వాత చెప్పాడు. “నువ్వు అలాగే అంటావని వాళ్లు ముందే చెప్పారు అక్కా. ఇంట్లో ఆడవాళ్లే ముందు మీద పడతారని చెప్పారు. నువ్వు అరిచేసరికి వాళ్లు చెప్పింది నిజమే అనిపించింది.”

ఆ ‘వాళ్లు’ ఎవరో కూడా తర్వాత వాడే చూపించాడు. టెలిగ్రామ్‌లో రెండు వందల పైచిలుకు మంది ఉన్న గ్రూపు. ఆడవాళ్ల మీద నేను ఇక్కడ రాయలేని మాటలు. ఒక మతం వాళ్ల మీద, కొన్ని కులాల మీద జోకులు. వాటి మధ్యలో, అర్ధరాత్రి 2:40కి, ఎవరో ముక్కూ ముఖం తెలియనివాడు మావాడికి పెట్టిన మెసేజ్: “తిన్నావా బ్రో?” దాని కింద ఇంకోడు: “ఇంటర్వ్యూ పోతే పోయింది బ్రో, నీ తప్పు కాదు.”

ఆ రెండు లైన్లు చూసి నాకు ఏడుపొచ్చింది. నాలుగు నెలల్లో నేను వాడికి పెట్టిన మెసేజ్‌లు వెనక్కి వెళ్లి చూసుకున్నాను. రెజ్యూమె పంపావా. ఆ లింక్ చూశావా. అమ్మకి ఫోన్ చెయ్యి. ఒక్క చోట కూడా ‘తిన్నావా’ లేదు.

విషం ఎవరూ విషమని చెప్పి పెట్టరు. మావాడు మొదట వెతికింది ‘ఇంటర్వ్యూలో భయం పోవాలంటే’. అక్కణ్నుంచి జిమ్ రీల్స్. తర్వాత ‘మగాడివి, ఏడవకు, లే’ అనేవాళ్లు. తర్వాత ‘అమ్మాయిలు డబ్బు చూస్తారు, నిన్ను చూడరు’ అనేవాళ్లు. ఆపైన ‘నీ ఉద్యోగం ఫలానావాళ్లు తినేశారు’ అనేవాళ్లు. ఒక్కో మెట్టూ ముందుదానికంటే కొంచెమే ఎత్తు, అందుకే ఎక్కుతున్నట్టు తెలియదు. మనం ఎక్కడ ఎక్కువసేపు ఆగితే యాప్ అదే మళ్లీ చూపిస్తుంది. కోపం వచ్చేవాటి దగ్గర మనిషి ఎక్కువసేపు ఆగుతాడు. ఆడవాళ్లని కించపరిచే వీడియోలతో పేరు మోసిన ఆండ్రూ టేట్ అకౌంట్లని 2022 ఆగస్టులో ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ తీసేశాయి. అతని క్లిప్పులు, కింద తెలుగులో అక్షరాలు వేసి, మావాడి ఫోన్లో 2024లో కూడా ఉన్నాయి.

‘ఇన్సెల్’ అనే మాట చాలామంది వినే ఉంటారు, తోడు దొరకట్లేదని ఆడవాళ్ల మీద పగ పెంచుకున్న మగవాళ్ల గుంపు. ఆ మాట ఎక్కడ పుట్టిందో తెలిసినప్పుడు నాకు మనసు చివుక్కుమంది. 1997లో కెనడాలో ఒక అమ్మాయి, తనలాంటి ఒంటరివాళ్లు ఒకరికొకరు ధైర్యం చెప్పుకోవడానికి ఒక వెబ్‌సైట్ పెట్టింది. ఆడా మగా అందరూ ఉండేవారు. ఆమె పక్కకి తప్పుకున్న తర్వాత ఆ మాటని వేరేవాళ్లు పట్టుకున్నారు. 2018 ఏప్రిల్ 23న అదే కెనడాలో, టొరంటోలో, 25 ఏళ్లవాడు ‘ఇన్సెల్ తిరుగుబాటు మొదలైంది’ అని ఫేస్‌బుక్‌లో రాసి, వ్యాన్‌ని ఫుట్‌పాత్ మీద నడుస్తున్న మనుషుల మీదికి పోనిచ్చాడు. ఆ రోజు పది మంది చనిపోయారు. వాళ్లలో ఎనిమిది మంది ఆడవాళ్లు.

న్యూజిలాండ్ సంగతీ అంతే. 2019 మార్చి 15న క్రైస్ట్‌చర్చ్‌లో రెండు మసీదుల్లో 51 మందిని చంపినవాడి మీద అక్కడి రాయల్ కమిషన్ విచారణ చేసింది. స్నేహితులు బాగా తక్కువ, 14 ఏళ్ల వయసు నుంచే ఇంటర్నెట్‌లో ద్వేషం నిండిన చోట్ల తిరిగాడు, ఆ చోట్ల కంటే యూట్యూబే తనకి ఎక్కువ ఎక్కించిందని తానే చెప్పాడు. ఆ 51 మందిలో హైదరాబాద్ నుంచి వెళ్లిన ఒక ఇంజినీర్ ఉన్నాడు. ఎక్కడో గదిలో ఒంటరిగా కూర్చున్నవాడి తలకెక్కిన విషం, ఇక్కడ మన ఊళ్లో ఒక తల్లికి కొడుకు లేకుండా చేసింది.

ఇదంతా విదేశాల గొడవ అనేవాళ్లకి 2022 జనవరి 1 గుర్తు చేస్తాను. ముస్లిం మహిళల ఫొటోలు పెట్టి ‘వేలం’ అంటూ బుల్లీ బాయి అనే యాప్ వచ్చింది. అందులో హైదరాబాద్‌కి చెందిన అరవై దాటిన సామాజిక కార్యకర్త ఫొటో కూడా పెట్టారు. పోలీసులు పట్టుకున్నవాళ్లు గూండాలు కాదు. ఎక్కువమంది ఇరవై, ఇరవై ఒకటి ఏళ్ల విద్యార్థులు, ఇంజినీరింగ్ చదివేవాళ్లూ ఉన్నారు. వాళ్లలో 18 ఏళ్ల అమ్మాయి కూడా ఉంది, తల్లీ తండ్రీ ఇద్దరూ పోయిన పిల్ల.

ఇప్పుడు మన ఇళ్ల గురించి. పదో తరగతి అవగానే పిల్లాడిని రెసిడెన్షియల్ కాలేజీలో పడేస్తాం. పొద్దున ఐదింటికి లేపి రాత్రి పదకొండు దాకా చదివిస్తారు. అబ్బాయిల క్యాంపస్ వేరు, అమ్మాయిల క్యాంపస్ వేరు. ఆదివారం ఒక పూట ఫోన్, అందులోనూ మార్కులే మాట్లాడతాం. పదహారు, పదిహేడేళ్ల వయసులో ఆ రెండేళ్లలో వాడు ఒక అమ్మాయితో ‘పెన్ను ఇస్తావా’ అని కూడా అడిగి ఉండడు. ఆ తర్వాత 22 ఏళ్లకి ఇంటర్వ్యూలో ఎదురుగా ఒక మహిళా మేనేజర్ కూర్చుని “మీ గురించి చెప్పండి” అంటే గొంతు పెగలదు. ఆ గొంతు పెగలకపోవడాన్నే గ్రూపులోవాళ్లు పగగా మారుస్తారు. నీకు భయం కాదురా, వాళ్లకి పొగరు అంటారు. నిమిషంలో సిగ్గంతా పోతుంది. ఎంత హాయిగా ఉంటుందో ఆలోచించండి.

కానీ ఒంటరితనం ఒక్కటే కారణమంటే నేను ఒప్పుకోను. అవే హాస్టళ్లలో ఆడపిల్లలూ మగ్గుతున్నారు, వాళ్లకీ ఉద్యోగాలు రావట్లేదు, వాళ్లూ రాత్రుళ్లు ఏడుస్తున్నారు. వాళ్లు ఇలా గుంపులు కట్టి మగవాళ్ల మీద పడట్లేదు. మగపిల్లాడికి మనం అన్నంతో పాటు ఇంకోటి కూడా పెట్టాం. నీకు దక్కాలి, నువ్వు మగాడివి కాబట్టి దక్కితీరాలి అని. దక్కనప్పుడు ఎవరో ఎత్తుకుపోయారనే వాడికి అనిపిస్తుంది. చెల్లెలు కంచం కడుగుతుంటే అన్న టీవీ చూసే ప్రతి ఇల్లూ ఇందులో భాగమే. మా ఇల్లు కూడా.

‘వయసు అలాంటిది, అదే పోతుంది’ అంటారు కొందరు. పోదు. ‘ఫోన్ లాక్కోండి’ అంటారు ఇంకొందరు. ఇరవై నాలుగేళ్లవాడి ఫోన్ లాక్కుంటే వాడికున్న ఆఖరి మనుషుల్ని కూడా లాక్కున్నట్టే, ముందు వేరే మనుషుల్ని చూపించాలి.

మా ఆయన వాడిని మా హాల్లోకి తెచ్చి పడుకోబెట్టారు. ఒక్క రోజు కూడా నీతులు చెప్పలేదు. పొద్దున ఆరింటికి లేపి షటిల్‌కి తీసుకెళ్లేవారు. ఆయన స్నేహితుడికి పెయింట్ షాపు ఉంది, అక్కడ బిల్లింగ్ దగ్గర కూర్చోబెట్టారు, నెలకి పన్నెండు వేలు. పిన్ని నామీద విరుచుకుపడింది. “బీటెక్ చదివించి కొట్లో కూర్చోబెడతావటే?” నాకూ బాధేసింది. కానీ రోజుకి ముప్పై మందితో మాట్లాడాలి అక్కడ. ఒక పెద్దావిడ క్రీమ్ కలర్‌లో ఆరు రకాలు చూసి ఏదీ నచ్చక వీడినే ఎంచమందట. రాత్రి భోజనాల దగ్గర అది చెప్పి నవ్వాడు. వాడి నవ్వు విని ఏడాది అయ్యింది. మధ్యలో నిద్రపట్టక బాగా ఇబ్బంది పడినప్పుడు 14416కి, అంటే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే టెలిమానస్ హెల్ప్‌లైన్‌కి, ఫోన్ చేయించాం. తెలుగులోనే మాట్లాడారు, డబ్బులేం తీసుకోరు. మీ ఇంట్లో ఎవరికైనా అవసరమైతే ఆ నంబర్ రాసి పెట్టుకోండి.

రెండు నెలలయ్యాక ఒక రాత్రి డాబా మీద వాడంతట వాడే ఇంకో సంగతి చెప్పాడు. కాలేజీలో తనతో చదివిన అమ్మాయి ఉద్యోగం వచ్చిందని ఫొటో పెట్టుకుంటే, దాన్ని స్క్రీన్‌షాట్ తీసి, ఆమె ఇన్‌స్టా ఐడీతో సహా గ్రూపులో పడేశాడు. తెల్లారేసరికి ఆ పిల్లకి వందల మెసేజ్‌లు వెళ్లాయి. ఎలాంటివో నేను రాయను. వీడు ఆ రాత్రి నవ్వుకుంటూ చదివాడట.

క్షమాపణ చెప్తానన్నాడు. చెప్పడానికి ఆమె అకౌంట్ లేదు. తెలిసినవాళ్ల ద్వారా నేను కనుక్కున్నాను. ఉద్యోగంలో ఉంది, బాగానే ఉంది, ఇన్‌స్టా మాత్రం మళ్లీ తెరవలేదు. వాడి పేరు తన ముందు ఎత్తొద్దని అందట. ఆ మాట అలాగే వాడికి చెప్పాను.