మూడు గంటల తత్వశాస్త్రం

పీహెచ్‌డీ కోర్సు వర్క్‌లో పరిశోధన, ప్రచురణ నైతికతపై 30 గంటల కోర్సును యూజీసీ 2019 చివర్లో తప్పనిసరి చేసింది. అందులో తత్వశాస్త్రం, నైతికత రెండింటికీ కలిపి 3 గంటలు. డేటాబేస్‌లకు, పేపర్లను ఎందరు ఉటంకించారో లెక్కగట్టే ఇంపాక్ట్ ఫ్యాక్టర్, హెచ్-ఇండెక్స్ వంటి కొలమానాలకు కలిపి 7 గంటలు. దేనికి ఎంత విలువో స్కాలర్లకు వేరే చెప్పనక్కర్లేదు. ఆ మూడు గంటలైనా తత్వశాస్త్రం నిర్వచనం, పరిధి, శాఖలతోనే గడిచిపోతే ల్యాబ్‌లో పనికొచ్చేది ఏం మిగులుతుంది?

మన సుబ్బారావు కథతో మొదలుపెట్టి చూడండి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ప్రచురించారు. నీలిరంగు ఎంత చిక్కగా వస్తే ఫాస్ఫేట్ అంత ఉన్నట్టు. కండరం నుంచి తీసిన ద్రవంలో మాత్రం రంగు ఆలస్యంగా తేలింది. రంగు తెప్పించే రసాయనం (రీఏజెంట్) పాడైందనుకుని పారబోస్తే అడిగేవారు లేరు. వాళ్లు ఆ ఆలస్యం వెంటపడ్డారు. ఆ ఆలస్యానికి కారణమైన ఫాస్ఫోక్రియాటిన్, అంటే కండరంలో శక్తిని నిల్వ ఉంచే పదార్థం, 1927లో బయటపడింది. కండరం సంకోచించడానికి శక్తి లాక్టిక్ ఆమ్లం పుట్టడం నుంచే వస్తుందని అప్పట్లో గట్టి నమ్మకం. 1922 నోబెల్ పంచుకున్న హిల్, మేయర్‌హాఫ్‌ల పరిశోధనలే దానికి అండ. లాక్టిక్ ఆమ్లం పుట్టకుండా ఆపినా కండరం సంకోచిస్తుందని 1930లో డెన్మార్క్‌కు చెందిన లుండ్స్‌గార్డ్ చూపించాక, హిల్ తన పాత అభిప్రాయాన్ని వదులుకున్నారు.

లెక్క కుదరనప్పుడు తప్పు పరికరానిదా, శాంపిల్‌దా, సిద్ధాంతానిదా? ఒక ప్రయోగం సిద్ధాంతాన్ని ఒంటరిగా పరీక్షించదని, దాని వెనకున్న ఊహలన్నీ కలిసే పరీక్షకు నిలబడతాయని ఫ్రెంచ్ భౌతికశాస్త్రవేత్త డ్యూయెమ్ వందేళ్ల కిందటే వివరించారు. తప్పని తేల్చే వీలున్నదే శాస్త్రీయ సిద్ధాంతమని తత్వవేత్త కార్ల్ పాపర్ చెప్పిన ఖండన సూత్రం పరీక్షలో రాయడం తేలిక. డ్యూయెమ్ తెచ్చిపెట్టిన ఈ చిక్కు మాత్రం రోజూ ల్యాబ్‌లో ఎదురయ్యేదే. మనవాళ్లు చేసేదేమిటి? గ్రాఫ్ సరిగ్గా వచ్చేదాకా 'మళ్లీ చెయ్యి' అంటారు, కుదరని రీడింగులు నోట్‌బుక్‌లోనే ఉండిపోతాయి. ఫెలోషిప్ గడువు, పేపర్ల టెన్షన్ మధ్య ఉన్న కుర్రాళ్లను ఒక్కళ్లనే తప్పుపట్టలేం. ఇలా రీడింగులు పక్కన పెట్టడాన్ని కాపీని పట్టే ఏ సాఫ్ట్‌వేరూ పట్టుకోలేదు కూడా.

కొత్త శాఖలు, కొత్త పోస్టులు అడగడం లేదు. నెలకోసారి విఫలమైన ప్రయోగం ఒకటి తీసుకుని స్కాలర్లంతా కూర్చుని చర్చించాలి. పక్కన పెట్టిన రీడింగులకు థీసిస్‌లో రెండు పేజీలు ఇవ్వాలి. వైవాలో ఎగ్జామినర్ ఒక్క ప్రశ్న తప్పకుండా వేయాలి: 'ఏ ఫలితం వస్తే మీరు చెప్పింది తప్పని ఒప్పుకునేవారు?' ఈ ప్రశ్న ముందుగా గైడ్లనే అడగాలని కొందరు స్కాలర్లు అనవచ్చు. కాదనలేం.