తెనాలి బీరువాలో విన్నిపెగ్

పోయిన ఏడాది తెనాలిలో మా పెద్దమ్మ వాళ్ల పాత ఇల్లు అపార్ట్‌మెంట్‌కి ఇచ్చేశారు. సామాన్లు సర్దడానికి నేనూ వెళ్లాను. ఇత్తడి బిందెలు ఎవరికి, రోలు ఎవరికి అని పంపకాలు జరుగుతుండగా, బీరువా అడుగు అరలో పరిచిన పాత పేపర్ల కింద ఒక ఎయిర్‌మెయిల్ కవరు దొరికింది. అందులో ఒకే ఒక్క ఫోటో. అరచేయంత ఉంటుంది, చుట్టూ తెల్ల అంచు, ఒక మూల కాస్త చిరిగింది. రంగులన్నీ వెలిసి గులాబీలోకి తిరిగాయి. నడుమెత్తు మంచుగుట్ట ముందు పట్టుచీరలో ఒకమ్మాయి నవ్వుతూ నిలబడి ఉంది. ఒంటి మీద కోటు లేదు. వెనక ఇటుకల గోడ, పెద్ద అద్దాల కిటికీ.

ఆ గోడని నేను గుర్తుపట్టాను. కెనడాలో నేనుండే విన్నిపెగ్‌లో, పోర్టేజ్ అవెన్యూ మీది ఈటన్స్ షాపు. అమ్మాయిని గుర్తుపట్టడానికి కొంచెం టైమ్ పట్టింది. మా పిన్ని. పెద్దమ్మ మరిది, అంటే నాకు వరసకు బాబాయి, 1968లో విన్నిపెగ్ వచ్చాడు. రెండేళ్ల తర్వాత పెళ్లి చేసుకుని పిన్నిని తీసుకెళ్లాడు. ఫోటో వెనక నీలం సిరాతో ఆయన రాత: "వదినకి నమస్కారాలు. ఇది మా ఊళ్లో అన్నిటికంటే పెద్ద కొట్టు. ఇక్కడ చలి ఏమంత లేదు. జనవరి 1971."

చలి సంగతి సరే, అబద్ధమని ఈ ఊళ్లో ఉండే మన తెలుగువాళ్లందరికీ తెలుసు. నన్ను పట్టుకున్నది ఇంకో మాట. "మా ఊళ్లో." వచ్చి మూడేళ్లు కాకముందే ఆయన విన్నిపెగ్‌ని మా ఊరు అన్నాడు. నేను 1999లో వచ్చాను. ఇల్లు ఇక్కడే కొన్నాను, పిల్లలు ఇక్కడే పుట్టారు, పన్నులు ఇక్కడే కడుతున్నాను. ఇప్పటికీ నా నోట "ఊరెళ్తున్నా" అంటే తెనాలి వెళ్తున్నా అనే.

ఈ వ్యాసం ఆ మాట గురించే. ఈ ఊరి గతంలో మన వాటా ఎంతో కొంత ఉంది. దాన్ని మనం బయటపెట్టలేదు. బయటపెట్టడానికి అది మన చేతిలో కూడా లేదు, సముద్రాల అవతల బీరువాల్లో ఉంది.

విన్నిపెగ్ పాత ఫోటోలు అనగానే ఎవరికైనా తట్టేవి ఓ నాలుగైదు. 1886లో కట్టి, 1962లో కూలగొట్టేసిన పాత సిటీ హాల్. కేకు మీద క్రీము పూలలా దాని ముందంతా నగిషీలే. 1950 వరదలో రెడ్ రివర్ వీధుల్లోకి వచ్చినప్పుడు పడవల్లో కూర్చున్న కుటుంబాలు. అప్పుడు లక్ష మంది దాకా ఇళ్లు వదిలి వెళ్లారు. ఆ దెబ్బతోనే ఊరి చుట్టూ వరద కాలువ తవ్వాలని పట్టుబట్టి, మానిటోబా రాష్ట్రానికి ముఖ్యమంత్రి లాంటి ప్రీమియర్ డఫ్ రోబ్లిన్ 1962లో పని మొదలుపెట్టించాడు. ఖర్చు చూసి నవ్విన వాళ్లు దానికి "డఫ్ గారి గుంట" అని పేరు పెట్టారు. 1997లో అదే గుంట ఊరిని కాపాడింది. ఇక అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది 1919 జూన్ 21 నాటి ఫోటో. ముప్ఫై వేల మంది పనివాళ్లు సమ్మెకి దిగిన ఆరు వారాల్లో అది చివరి శనివారం. మెయిన్ స్ట్రీట్ మీద జనం ఒక ట్రామ్‌ని పట్టుకుని పక్కకి ఒరిగేలా ఊపుతున్నారు. దాన్ని తీసింది లూయిస్ ఫుట్ అనే స్టూడియో ఫోటోగ్రాఫర్.

ఆయన పెళ్లిళ్లు తీశాడు, శవాల ఊరేగింపులు తీశాడు, కట్టడాలు తీశాడు, రాజకుటుంబం వస్తే వాళ్లనీ తీశాడు. డబ్బులిస్తే ఏదైనా తీసే మనిషి. ఆయన ఫోటోలు రెండు వేలకు పైగా, ఈ రాష్ట్రపు పాత రికార్డులు దాచే మానిటోబా ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. అందులో ఊరి ఉత్తర భాగం నార్త్ ఎండ్‌లో అప్పుడే దిగిన వలస కుటుంబాలవీ కొన్ని ఉన్నాయి. ఒకే గదిలో మంచం, పొయ్యి, దండెం మీద బట్టలు, అయిదారుగురు పిల్లలు. కెమెరా వైపు గుడ్లప్పగించి చూస్తుంటారు. అలాంటి ఫోటోల కింద ఉండేది సాధారణంగా "వలస కుటుంబం" అన్న రెండు మాటలే. ఆ తల్లి పేరేంటి? ఆ రోజు పొయ్యి మీద ఏముంది? ఎవరూ రాయలేదు. తీసినవాడు బయటివాడు, పేరు అడగాల్సిన పని అతనికి లేదు.

మనం కూడా ఇలాగే ఊరుకుంటే ఇంకో యాభై ఏళ్లకి మన గురించీ ఆ రెండు మాటలే మిగులుతాయి. కాకపోతే ముందు "దక్షిణాసియా" అని ఒకటి చేరుతుంది.

ఇంతకంటే ఘోరం కూడా జరిగింది, అదీ మనం వారం వారం కారు పార్కింగ్ చేసే చోటే. ఇప్పుడు గ్రాంట్ పార్క్ మాల్, దాని పక్కన హైస్కూలు ఉన్న నేల మీద రూస్టర్ టౌన్ అని మేటీ (ఆదివాసీ, యూరోపియన్ మూలాలు కలిసిన జాతి) కుటుంబాల పేట ఉండేది. 1900ల మొదట్లో మొదలై, 1950ల చివర్లో వాళ్లని ఖాళీ చేయించేదాకా ఉంది. నీళ్ల కుళాయి లేదు, డ్రైనేజీ లేదు. పేపర్లు వాళ్లని మురికి మనుషులన్నట్టు రాశాయి. నేను చూసిన రూస్టర్ టౌన్ ఫోటోలన్నీ ఆ పేపర్ల వాళ్లు తీసినవే. గుడిసె, బురద, నీళ్ల బకెట్. అక్కడా పెళ్లిళ్లు అయ్యుంటాయి, పుట్టినరోజులు చేసుకుని ఉంటారు. వాళ్ల చేతిలో కెమెరా ఉండి ఉంటే మనం ఇంకో పేటను చూసేవాళ్లం. అందుకే "ఆహా, ఆ రోజులే వేరు" అని ట్రామ్ ఫోటోలు, క్రిస్మస్‌కి అలంకరించిన షాపు అద్దాల ఫోటోలు మాత్రమే తిప్పుకుంటుంటే నాకు కొంచెం చిరాకేస్తుంది. ఆ రోజులు అందరికీ ఒకేలా లేవు.

ఈటన్స్ అంటే నాకూ ఇష్టమే, అది వేరే సంగతి. 1905లో తెరిచిన షాపు అది. నేను ఈ ఊళ్లో దిగిన ఏడాదే మూతపడింది. ఆఖరి సేల్‌లో ఒక జత గ్లవ్స్ కొన్నాను, మూడేళ్లు వాడాను. ఫోటో మాత్రం తీసుకోలేదు. రీలుకి ఇరవై నాలుగు ఫోటోలు, కడిగించడానికి మళ్లీ డబ్బులు, ఎవరు మాత్రం గోడలకి ఫోటోలు తీస్తారు! తర్వాత దాన్ని కూలగొట్టి హాకీ అరీనా కట్టారు. షాపులో ఉండే, ఆ కంపెనీ పెట్టిన తిమోతి ఈటన్ కంచు విగ్రహం ఇప్పుడు ఆ అరీనాలోనే ఉంది. 1919లో ఉద్యోగులు చందాలేసుకుని చేయించింది. దాని ఎడమ కాలి బూటు కొన రుద్దితే కలిసొస్తుందని ఇక్కడి వాళ్ల నమ్మకం. వందేళ్లుగా రుద్దీ రుద్దీ ఆ కొనొక్కటే మెరుస్తుంటుంది. మనవాళ్లు నంది చెవిలో కోరిక చెప్పుకున్నట్టే. నా సిటిజన్‌షిప్ పరీక్షకి ముందు నేనూ రుద్దాను, దాపరికం ఎందుకు.

"మనం వచ్చింది నిన్న కాక మొన్న, మనకేం చరిత్ర" అని మన తెలుగు సంఘంలోనే కొందరంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. 1967లో చదువు, అనుభవం లెక్కగట్టి వలసకి అనుమతించే పాయింట్ల పద్ధతి వచ్చాక డాక్టర్లు, ప్రొఫెసర్లు, ఇంజనీర్లు ఒక్కొక్కరుగా దిగారు. 1998లో వలస వచ్చేవాళ్లని రాష్ట్రమే ఎంపిక చేసే మానిటోబా నామినీ ప్రోగ్రామ్ మొదలయ్యాక మాలాంటి వాళ్లం గుంపులుగా వచ్చాం. మొదటి వాళ్లు వచ్చి అర్ధ శతాబ్దం దాటిపోయింది. ఆ పాత సిటీ హాల్ నిలబడింది డెబ్భై ఆరేళ్లే కదా.

మరి ఆ మొదటి వాళ్ల ఫోటోలేవి? ఆ రోజుల్లో ఇంటికి ఫోన్ చేయాలంటే ట్రంకాల్ బుక్ చేసి గంటలు గంటలు కాచుకోవాలి, నిమిషానికి బోలెడు ఖర్చు. బాగున్నాం అని చెప్పడానికి ఉన్న దారి ఉత్తరం, దాంతో పాటు ఒక ఫోటో. రెండు కాపీలు వేయించేవాళ్లు తక్కువ. ఉన్న ఒక్కటీ కవర్లో పెట్టి పంపేశారు. అలా ఈ ఊరి మంచు, ఈ ఊరి బస్సులు, సందుల్లో అద్దె ఇళ్లు, తనది కాని కారుకి ఆనుకుని దిగిన పోజులు అన్నీ తెనాలి, హనుమకొండ, రాజమండ్రి బీరువాల్లోకి చేరాయి. ఇప్పుడు ఆ ఇళ్లన్నీ అపార్ట్‌మెంట్లకి వెళ్తున్నాయి. మా ఇంట్లో ఆ కవరు పాత పేపర్లతో పాటు తూకానికి వెళ్లాల్సింది. మా పెద్దమ్మ మనవడు తీసి అవతల పడేస్తుంటే చూశాను కాబట్టి సరిపోయింది.

ఇక్కడ ఉన్నవాటిని మనం బాగా చూసుకుంటున్నామా అంటే అదీ లేదు. నా సంగతే చెబుతాను. మా పెళ్లి ఆల్బమ్, పిల్లల మొదటి అయిదేళ్ల ఫోటోలు బేస్‌మెంట్ మెట్ల కింద అట్టపెట్టెలో నేల మీద పెట్టాను. ఒక ఏప్రిల్‌లో మంచు కరిగి మురుగు వెనక్కి తన్నింది. మర్నాటికి ఆల్బమ్ ఇటుకలా అయిపోయింది. ఎండాక విడదీద్దాంలే అనుకున్నాను, అదే తప్పు. తడిగా ఉండగానే చల్లటి మంచినీళ్లలో వేసి మెల్లగా విడదీయాలట, ఎండితే ఇక రావట. నాకు తెలిసేసరికి ఎండిపోయింది. మా పాప మొదటి హోలీ ఫోటో ఇప్పుడు మా అత్తగారి ముఖానికి అతుక్కుని ఉంది.

అందుకని ఈసారి ఇండియా వెళ్లే వాళ్లందరినీ ఒకటి అడుగుతున్నాను. ఆవకాయ, పొడులు, పట్టుచీరలు తెచ్చుకోండి, కాదనను. ఆ సూట్‌కేసులోనే ఒక కవరుకి చోటు ఉంచండి. పెద్దమ్మని, మేనత్తని కూర్చోబెట్టి "మేం పంపిన ఫోటోలు ఎక్కడున్నాయి" అని అడగండి. ఫోన్‌తో ఒక క్లిక్ కొట్టి ఊరుకోకండి. ముందు వైపు ఎంత ముఖ్యమో వెనక వైపూ అంతే, నన్నడిగితే వెనకే ఎక్కువ. ముందు వైపు చూస్తే మా పిన్ని ఒక షాపు ముందు నిలబడింది, అంతే. తిప్పి చూస్తేనే ఆ రోజు, ఆ అబద్ధం, "మా ఊళ్లో" అన్న మాట. పాత జిగురు ఆల్బమ్‌లలో అంటుకుపోయినవాటిని గోళ్లతో పీకకండి, పళ్లు శుభ్రం చేసుకునే ఫ్లాస్ దారాన్ని కిందకి పోనిచ్చి మెల్లగా లాగండి. పేర్లు రాయాలంటే పెన్సిల్‌తో రాయండి, బాల్‌పెన్ నొక్కు ఇవతలికి తేలుతుంది. ఇంకోటి, గ్రూప్ ఫోటోలు నలుగురికీ పంపే ముందు అందులో ఉన్నవాళ్లని అడగండి. 1980 దీపావళి ఫోటోలో పక్కపక్కన నిలబడ్డ దంపతులు ఇప్పుడు ఒకరి పెళ్లికి పిలిస్తే ఇంకొకరు రారు. వాళ్ల గతాన్ని మనం ప్రదర్శనకి పెట్టకూడదు.

సంఘం తరఫున వీటి కాపీలు మానిటోబా ఆర్కైవ్స్‌కి ఇవ్వడానికి ప్రయత్నించాలన్నది నా వాదన. "మన ఫోటోలు వాళ్లెందుకు తీసుకుంటారు" అని ఒకరు నన్ను వెటకారంగా అడిగారు. ఒకప్పుడు ఈ ప్రాంతంలో బొచ్చుతోళ్ల వ్యాపారం చేసిన హడ్సన్స్ బే కంపెనీ మూడు వందల ఏళ్ల కాగితాలు 1974లో లండన్ నుంచి ఇక్కడికి వచ్చి అదే ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఈ నేల కథ చెప్పే కాగితాలు ఈ నేల మీదే ఉండాలని తెచ్చారు. లండన్ నుంచి రాగా లేనిది తెనాలి నుంచి రాకూడదా?

ఫోటో తెచ్చి పిన్ని చేతికిచ్చాను. బాబాయి పోయి ఆరేళ్లైంది. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. తన ముఖం చూసుకోలేదు. ఎడమ అంచున గోధుమరంగు కోటు చెయ్యి ఒకటి సగం తెగి కనిపిస్తుంది, నేను అప్పటిదాకా గమనించనే లేదు. దాని మీద వేలు పెట్టింది.

"ఇది నా కోటే. ఆవిడ పట్టుకుంది."

"ఎవరు పిన్నీ?"

"హనుమకొండ ఆవిడ. మా పై అంతస్తులో ఉండేవాళ్లు. సున్నాకి ఇరవై కింద ఆ రోజు. ఫారెన్‌హీట్‌లో." (ఇప్పటి లెక్కలో మైనస్ 29.) "చీర కనపడకపోతే మీ పెద్దమ్మ నమ్మదని మీ బాబాయి గొడవ. ఒకటి, రెండు, మూడు అనేలోపు కోటు తీసి ఆవిడకిచ్చి, నవ్వి, మళ్లీ తొడుక్కోవాలి. రెండుసార్లు తీశాడు. మొదటిసారి నా పళ్లు కొట్టుకుంటుంటే నవ్వు రాలేదని."

"మరి ఆవిడ ఫోటో?"

"ఆ వెంటనే ఆవిడది తీశారు. ఆకుపచ్చ చీర. అప్పుడు కోటు నేను పట్టుకున్నా. అది వాళ్లమ్మకి పంపింది."

తర్వాత వాళ్లు టొరంటో వైపు వెళ్లిపోయారట, ఉత్తరాలు ఆగిపోయాయి. హనుమకొండలో ఎవరింట్లోనైనా మంచులో ఆకుపచ్చ చీర కట్టుకున్న అమ్మాయి ఫోటో ఉంటే, వెనక ఇటుకల గోడ, పెద్ద అద్దాల కిటికీ ఉంటే, ఒకసారి అంచులు చూడండి. ఒక చెయ్యి కోటు పట్టుకుని ఉంటుంది. ఆ చేతికి ఎర్ర గాజులుంటాయని పిన్ని చెప్పింది.