సూది వెన్నుకి కాదండీ, తుంటి ఎముకకి

రక్తకణాల పుట్టుక గురించి మీ వ్యాసంలో చెప్పిందంతా బాగుంది. కానీ రక్తకణాలు పుట్టే మూలుగను (ఎముకల లోపలి మెత్తటి పదార్థం) పరీక్ష కోసం వెన్నులోంచి తీస్తారని రాసేశారు. పెద్దవాళ్ళకి సాధారణంగా తీసేది నడుం కింద, వెనకవైపు తుంటి ఎముక నుంచి. వెన్నులోంచి నీరు తీసేది వేరే పరీక్ష. పలాసలో ల్యాబ్ పని నాది. "కాళ్ళు పడిపోతాయట కదా బాబూ" అని మావోళ్ళు బెదిరిపోయేది ఇలాంటి మాటలకే. సూది వేసేచోట వెన్నుపాము ఉండనే ఉండదు. చర్మానికీ ఎముక పైపొరకీ మత్తిస్తారు. సిరంజితో లాగే ఆ కొన్ని సెకన్లు మాత్రం లోపల జివ్వుమంటుంది, దాచడమెందుకు.

లాగిన వెంటనే గాజుపలక మీద వేసి వాల్చి చూస్తాం. రక్తం జారిపోయి, బొంబాయి రవ్వలాంటి పలుకులు మిగిలితే మూలుగ వచ్చినట్టు. లేకపోతే చాలావరకు ఉత్త రక్తమే. ఎముక ముక్క కూడా తీస్తే అందులోని సున్నం కరిగించాలి, అందుకే ఆ రిపోర్టు కొన్ని రోజులు ఆలస్యం.

రక్తం తక్కువున్న ప్రతివాళ్ళకీ ఇది అక్కర్లేదు. కిడ్నీ జబ్బులు ఎక్కువున్న మా ఉద్దానం సంగతే చూడండి. ఎర్రకణాలు చెయ్యమని మూలుగను పురమాయించే ఎరిత్రోపాయిటిన్ అనే హార్మోను తయారయ్యేది ఎక్కువగా కిడ్నీలోనే. కిడ్నీ దెబ్బతింటే మూలుగ బాగున్నా ఎర్రకణాలు తగ్గుతాయి. కవిటి, సోంపేట వైపు నుంచి నీరసమని వస్తే ముందు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పేది), ఐరన్, బి12, రక్తపు స్మియర్ (గాజుపలక మీద రక్తం పూసి మైక్రోస్కోపులో చూసేది) చూడాలి. తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు కూడా కారణం తెలియకుండా పడిపోయినా, స్మియర్‌లో బ్లాస్టులు, అంటే ఇంకా ఎదగని కణాలు, కనబడినా అప్పుడు మూలుగ పరీక్ష వాయిదా వెయ్యకూడదు.

బొమ్మలో కూడా సూది వెన్నుకే చూపించారు, కుదిరితే మార్చండి.