గ్రాఫిక్స్ కార్డు కొనే ముందు క్యాబినెట్ విప్పి చూడండి

పాత పీసీకి గ్రాఫిక్స్ కార్డు వేయించాలనుకునే కుర్రాళ్లు ముందు యూట్యూబ్‌లో ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఎన్ని ఫ్రేములు వస్తాయన్న లెక్క) పోలికలు చూస్తారు, తర్వాత ధరలు చూస్తారు, కార్డు ఇంటికొచ్చాక గానీ క్యాబినెట్ విప్పరు. ఈ వరస తలకిందులు అని నా గట్టి అభిప్రాయం. ఆ వీడియోల్లో కార్డును పరీక్షించేది ఖరీదైన కొత్త ప్రాసెసర్ మీద, మంచి ఎస్ఎంపీఎస్‌తో (పీసీ భాగాలకు కరెంటు అందించే డబ్బా). మన ఇంట్లో ఉన్నదేమో ఆఫీసుల నుంచి బయటికొచ్చిన ఇంటెల్ ఫోర్త్ జనరేషన్ ఐ5 ప్రాసెసర్, లేదంటే ఐదారేళ్ల కిందటి ఏఎమ్‌డీ రైజెన్. కాబట్టి ఏ కార్డు కొనాలో తేల్చాల్సింది వీడియో కాదు, మన దగ్గరున్న పీసీ.

ముందు ఎస్ఎంపీఎస్ స్టిక్కర్ చదవండి. క్యాబినెట్‌తో కలిపి ఇచ్చే చౌకరకం వాటి మీద 450 వాట్స్ అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది, దాన్ని పట్టించుకోకుండా కింద చిన్న పట్టికలో +12 వోల్టుల గడి చూడండి. అక్కడ 16 ఆంపియర్లు అని ఉంటే, 12ని 16తో గుణించండి, 192 వాట్లు వస్తుంది. ప్రాసెసర్‌కైనా, కార్డుకైనా, ఫ్యాన్లకైనా ప్రధానంగా కరెంటు అందేది ఆ లైను నుంచే. 185 వాట్లు లాగే ఆర్‌ఎక్స్ 580 కార్డును మోలెక్స్ కన్వర్టర్ (పాతరకం పవర్ వైరును కార్డుకి సరిపోయేలా మార్చే ముక్క) పెట్టి దానికి తగిలిస్తే గేమ్ మధ్యలో పీసీ ఆగిపోవడం ఖాయం, వైర్లు వేడెక్కి కాలితే మదర్‌బోర్డు కూడా పోవచ్చు. మంచి ఎస్ఎంపీఎస్‌కి డబ్బులు పెట్టడం దండగ అనుకునేవాళ్లతో నేను ఒప్పుకోను. అది రేపు కొత్త పీసీ కట్టించినా పనికొస్తుంది, కార్డు అంతకాలం పనికిరాదు.

అది మార్చే బడ్జెట్ లేదా? అయితే బోర్డు స్లాట్ నుంచి వచ్చే 75 వాట్లతోనే నడిచే కార్డు చూసుకోవాలి. 2019లో వచ్చిన జీటీఎక్స్ 1650లో విడిగా పవర్ కేబుల్ అడగని మోడళ్లు చాలా ఉన్నాయి, 2024లో వచ్చిన 6 జీబీ ఆర్‌టీఎక్స్ 3050 కూడా 70 వాట్లతో సరిపెట్టుకుంటుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. 2022లో అదే 3050 పేరుతో వచ్చిన 8 జీబీ కార్డు వేరు, అది 130 వాట్లు తీసుకుంటుంది, వేగం కూడా ఎక్కువ. బిల్లులో పేరు ఒక్కటే చూసుకుంటే మోసపోతారు. సన్నటి ఆఫీసు పీసీలకైతే లో ప్రొఫైల్ (ఎత్తు తక్కువ) కార్డు తప్ప ఇంకేదీ పట్టదు, టేపు పెట్టి కొలిచాకే ఆర్డర్ ఇవ్వండి.

ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చౌకగా దొరుకుతుంది కాబట్టి పాత పీసీవాళ్లే దాని మీద ఎక్కువ ఆశపడతారు. దానికి బోర్డుతో మాట్లాడే దారులు నాలుగే, పీసీఐఈ 4.0 (పీసీఐఈ అంటే కార్డు పెట్టే స్లాట్ రకం, అంకె వేగాన్ని చెబుతుంది) బోర్డు మీదైతే ఆ నాలుగు ఎలాగో సరిపోతాయి. మన ఫోర్త్ జనరేషన్ ఇంటెల్, రైజెన్‌కి వాడే బీ450 బోర్డులు 3.0వి, అంటే ఆ దారి సగానికి సగం ఇరుకైపోతుంది. కార్డులో మెమరీ 4 జీబీయే కదా, కొత్త గేముల్లో అది నిండగానే మిగతా డేటా పీసీ ర్యామ్ నుంచి ఆ ఇరుకు దారిలోనే రావాలి, అక్కడే గేమ్ ఆగి ఆగి కదులుతుంది. పైగా ఆడుతూ రికార్డు చేసుకోవడానికి కావాల్సిన ఎన్‌కోడర్ (వీడియోను కుదించే భాగం) అందులో లేదు. పాత పీసీలో దాన్ని వేయొద్దు.

130 వాట్ల కార్డును మోయగల ఎస్ఎంపీఎస్ ఉంటే 8 జీబీ ఆర్‌ఎక్స్ 6600కే నా ఓటు. దానికి ఎనిమిది దారులు ఉన్నాయి కాబట్టి 3.0 బోర్డు మీద కూడా పెద్దగా నష్టపోదు. ఇంటెల్ ఆర్క్ కార్డులు ధరకు ఊరిస్తాయి, కానీ అవి సరిగ్గా నడవాలంటే రీసైజబుల్ బార్ (కార్డు మెమరీ మొత్తాన్ని ప్రాసెసర్ ఒకేసారి చేరుకునే ఏర్పాటు) ఉండాలి. ఇంటెల్ తన ప్రాసెసర్లలో పదో జనరేషన్, ఆపైనవే వాడమని చెప్పింది. ఆర్క్‌లోనే 12 జీబీ బీ580 కూడా పాత ప్రాసెసర్ల మీద బాగా వెనకబడుతుందని పరీక్షల్లో తేలింది.

ఇంకో పరీక్ష ఇంట్లోనే పైసా ఖర్చు లేకుండా చేసుకోవచ్చు. గేమ్‌లో రిజల్యూషన్, సెట్టింగ్స్ బాగా తగ్గించి చూడండి. ఎఫ్‌పీఎస్ చక్కగా పెరిగితే లోపం కార్డుది. ఏమాత్రం కదలకపోతే ప్రాసెసర్ చేతులెత్తేసిందని అర్థం, ఏ కార్డు వేసినా ఫలితం ఉండదు. వాలరెంట్ లాంటి ప్రాసెసర్ మీద భారం వేసే గేమ్ ఆడేవాళ్లలో చాలామందికి కావాల్సింది కార్డు కాదు, ప్రాసెసర్‌కి డేటా త్వరగా అందించే రెండో ర్యామ్ స్టిక్కు.

పిల్లలు అడిగారని షాపుకెళ్లే తల్లిదండ్రులకు ఒక మాట. "4 జీబీ కార్డండీ" అని జీటీ 730 చూపిస్తే వద్దనండి. అందులో డీడీఆర్3 మెమరీ ఉన్న 64 బిట్ రకం సెకనుకు 14.4 జీబీ డేటానే అందించగలదు, అదే 4 జీబీ ఉన్న మొదటి రకం జీటీఎక్స్ 1650 128 జీబీ అందిస్తుంది. గేమింగ్‌లో తేడా చూపించేది ఈ వేగం, డబ్బా మీద జీబీల అంకె కాదు.

సెకండ్ హ్యాండ్‌లో అయితే జీటీఎక్స్ 1060, 1070 లాంటివి ఇప్పుడు తీసుకోవద్దంటాను. ఎన్విడియా 2025 అక్టోబర్‌తో వాటికి కొత్త గేముల డ్రైవర్లు ఆపేసింది, ఇక వచ్చేవి భద్రతా అప్‌డేట్లే. ఆర్‌ఎక్స్ 580 పేరుతో 2048 షేడర్ల (బొమ్మల లెక్కలు చేసే చిన్న యూనిట్ల) రకం కూడా తిరుగుతోంది, అసలు దానికి 2304 ఉండాలి. కార్డు వివరాలు చూపించే జీపీయూ-జడ్ సాఫ్ట్‌వేర్ తెరిస్తే ఆ అంకె కనిపిస్తుంది. సికింద్రాబాద్ సీటీసీ (కంప్యూటర్ షాపుల సముదాయం) దాకా వెళ్లగలిగితే పీసీని వెంట తీసుకెళ్లి, కార్డు అందులోనే పెట్టించి, పావుగంట గేమ్ నడిపించి చూసి డబ్బులివ్వండి. మానిటర్‌కి పాతరకం వీజీఏ కనెక్టర్ ఒక్కటే ఉంటే ఆ సంగతి కూడా అక్కడే చెప్పండి. కొత్త కార్డులకు వీజీఏ ఉండదు, ఉత్త కేబుల్ పనిచేయదు, లోపల చిప్ ఉన్న హెచ్‌డీఎంఐ కన్వర్టర్ కావాలి.