కార్యదర్శి ఆడే ఆట

ఫుట్‌బాల్ గురించి లోకంలో పెద్ద అపోహ ఒకటి పాతుకుపోయింది. అది పదకొండు మంది మరో పదకొండు మందితో బంతి కోసం పోరాడే ఆట అని. టీవీలో పెద్ద లీగులు చూసి జనం అలా అనుకుంటారు, వాళ్ల తప్పేమీ లేదు. కింది లీగుల సంగతి తెలిసినవాళ్లకు మాత్రం అసలు ఆటగాడెవరో తెలుసు. ఆయన పేరు ఏ చొక్కా వెనకా ఉండదు. ఆయన క్లబ్బు కార్యదర్శి. పగలు ఎక్కడో ఉద్యోగం చేసుకుని, రాత్రి పిల్లలు నిద్రపోయాక భోజనాల బల్ల మీద ఫారాలు పరచుకుని కూర్చునే మనిషి. చాలా చోట్ల దీనికి జీతం ఉండదు. ఎదురుగా ప్రత్యర్థి మాత్రం ఉంటుంది: అట్ట వేసిన నిబంధనావళి. దానికి గాయాలు కావు, అలుపు రాదు, వయసు మీదపడే కొద్దీ ఇంకా లావెక్కుతుంది.

నిబంధనలను తప్పుపట్టడానికి ఈ వ్యాసం రాయడం లేదని ముందే మనవి చేస్తున్నాను. వాటి ప్రతిభకు తగిన గుర్తింపు దక్కలేదన్న బాధతో రాస్తున్నాను. గోలు కొట్టినవాడిని భుజాల మీద ఊరేగిస్తారు. అదే గోలును కొన్నాళ్ల తర్వాత ఒక గదిలో కూర్చుని చెరిపేసిన ఉపనిబంధనను ఎవరూ ఊరేగించరు. ఇదెక్కడి న్యాయం?

2008లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం (ఎఫ్‌ఏ) నడిపే నాకౌట్ టోర్నీ, ఎఫ్‌ఏ కప్పు, రెండో రౌండునే తీసుకోండి. ఒక వైపు చెస్టర్‌ఫీల్డ్. మరో వైపు లీగుల నిచ్చెనలో దానికి రెండు మెట్లు కింద ఆడే డ్రాయిల్స్‌డెన్. మొదటి మ్యాచ్ సగంలో పొగమంచు కమ్మింది, ఆట ఆపేశారు. మళ్లీ ఆడారు, 2-2. నిబంధన ప్రకారం రీప్లే, అంటే డ్రా అయినందుకు మరో మ్యాచ్. ఆ రీప్లే మధ్యలో ఫ్లడ్‌లైట్లు ఆరిపోయాయి. అప్పటికి చెస్టర్‌ఫీల్డ్ రెండు గోల్స్ ముందుంది, అయినా చీకట్లో ఫలితం చెల్లదు. నాలుగోసారి మైదానంలోకి దిగారు. ఈసారి మంచు లేదు, కరెంటు ఉంది. డ్రాయిల్స్‌డెన్ 2-1తో గెలిచింది. రెండు గోల్సూ ఒక్క ఆటగాడే కొట్టాడు. చిక్కల్లా ఒక్కటే. ఆ రోజు ఆ ఆటగాడి మీద సస్పెన్షన్ ఉంది.

డ్రాయిల్స్‌డెన్‌ను కప్పు నుంచి తీసేశారు. నాలుగు సాయంత్రాలు, రెండు ఊళ్ల మధ్య రాకపోకలు, చలిలో నిలబడ్డ జనం, ఇవన్నీ కలిసి తేల్చలేని సంగతిని ఒక్క కాగితం తేల్చేసింది. మొదటి రోజే ఆ కాగితాన్ని అడిగి ఉంటే ఫ్లడ్‌లైట్ల ఖర్చయినా మిగిలేది.

చిన్న క్లబ్బులు అజాగ్రత్తగా ఉంటాయి, అందుకే ఇలా జరుగుతుందని పెద్దమనుషులు కొందరు సెలవిస్తారు. వాళ్లకు స్పెయిన్ కథ వినిపించాలి. 2015 డిసెంబరులో అక్కడి కప్పు టోర్నీ కోపా దెల్ రేలో రియల్ మాడ్రిడ్ జట్టు మూడో అంచె క్లబ్బు కాడిజ్ మీద 3-1తో గెలిచింది. మాడ్రిడ్ తరఫున గోలు కొట్టినవారిలో ఒకరు అంతకుముందు సీజన్లో లోన్ మీద, అంటే అరువుగా, విలారియల్ క్లబ్బుకు ఆడుతూ సస్పెన్షన్ తెచ్చుకున్నారు. ఆ శిక్ష ఇంకా బాకీ ఉంది. సంగతి బయటపడేసరికి సగం ఆట అయిపోయింది. విరామం కాగానే అతణ్ణి హడావిడిగా వెనక్కి పిలిచారు గాని, కాలిన చేతికి అప్పుడు ఆకులు పట్టుకుని ఏం లాభం? మాడ్రిడ్ టోర్నీ నుంచి బయటికి, కాడిజ్ తర్వాతి రౌండుకు. న్యాయవాదుల దండు, కంప్యూటర్ల వరుస, ప్రపంచంలోని ధనిక క్లబ్బుల్లో చోటు, ఇన్ని ఉన్నవాళ్లే పాత బాకీ ఒకటి మరిచిపోయారు. ఇక భోజనాల బల్ల దగ్గర కళ్లు నులుముకుంటూ కూర్చున్న మన కార్యదర్శి ఎంతటివాడు?

నిబంధనలు భూగోళ శాస్త్రం కూడా నేర్పుతాయి. వేల్స్‌లోని కార్డిఫ్ సిటీ దశాబ్దాలుగా ఇంగ్లండ్ లీగులోనే ఆడుతోంది. వారం వారం ఇంగ్లండ్ జట్లతోనే కుస్తీ. అలాంటి క్లబ్బులో లోగడ ఆడిన ఒక ఆటగాణ్ణి లండన్ క్లబ్బు ఎ.ఎఫ్.సి. వింబుల్డన్ తీసుకుంది. అభిమానులు 2002లో సొంతంగా నిలబెట్టుకున్న క్లబ్బు అది. ఆటగాడు లండన్‌కు కొత్తవాడు కాడు, పాత వింబుల్డన్ క్లబ్బుకు ఆడినవాడే. కాని అతని పేరు చివరిసారి నమోదైంది కార్డిఫ్ దగ్గర గనుక, కాగితాల లెక్కలో అతను విదేశం నుంచి వస్తున్నాడు. అంతర్జాతీయ బదిలీ పత్రం కావాలి. అది లేదు. 2007లో లీగులో 18 పాయింట్లు కోశారు, కింది లీగుల క్లబ్బుల టోర్నీ ఎఫ్‌ఏ ట్రోఫీ నుంచి తప్పించారు. అప్పీలు తర్వాత 18 కాస్తా 3 అయింది. ఒకే తప్పుకు మొదట 18, తర్వాత 3. ఈ లెక్క ఏ గణితం ప్రకారం కుదిరిందని అడగకండి. బేరమాడితే తగ్గే ధర మీద నాకు మొదటినుంచీ గౌరవమే.

అయితే నా మనసు దోచుకున్నది స్కాట్లాండ్ ఉదంతం. 2011లో ఎడిన్‌బరో క్లబ్బు స్పార్టన్స్ స్కాటిష్ కప్పులో కల్టర్ అనే జట్టును ఓడించింది. తర్వాత చూస్తే ఒక ఆటగాడి నమోదు ఫారంలో రెండు చోట్ల వేయవలసిన తేదీ ఒకే చోట ఉంది. ఆటగాడు దొంగపేరుతో ఆడలేదు. వయసు దాచలేదు. ఇంకో క్లబ్బుకు మాట ఇచ్చి ఇటు రాలేదు. ఉన్నాడు, సంతకం ఉంది, ఒక తేదీ కూడా ఉంది. రెండో తేదీ లేదు. స్పార్టన్స్‌ను తీసేసి, ఓడిన కల్టర్‌ను ముందుకు పంపారు.

ఆ ఖాళీ గడిని ఒకసారి దగ్గరగా ఊహించుకోండి. వేలెడు పొడవు కూడా ఉండదు. పైన ఒక తేదీ వేసి, ఎవరో పిలిస్తే తల తిప్పి, మళ్లీ కాగితం వైపు చూసి, వేసేశాననుకుని మడిచి పెట్టేసిన క్షణం. ఆ సీజన్లో ఆ క్లబ్బు ఆటగాళ్లు ఎన్ని మైళ్లు పరుగెత్తారో గాని, కప్పులో వాళ్ల దారి ఆ గడి దగ్గర ఆగిపోయింది.

ఇదంతా కప్పు సంగతి. పై అంచెలో ఆడేందుకు ఇచ్చే అనుమతి, అంటే లైసెన్సు, దాని సంగతి వేరు. కప్పులో తప్పు చేశాక శిక్షిస్తారు, లైసెన్సులో గెలిచినందుకు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఫుట్‌బాల్‌లో ఆ పూజారి చేతిలో కొలత టేపు ఉంటుంది. కింది లీగుల్లో మైదానాన్ని గ్రేడుల వారీగా తనిఖీ చేస్తారు. దుస్తులు మార్చుకునే గది ఎంత ఉంది, జనం నిలబడే చోట నేల గట్టిగా ఉందా, పైకప్పు కింద ఎందరు పడతారు, దీపాల వెలుగెంత. మైదానంలో జట్టు ఎలా ఆడుతుందన్నది ఆ చిట్టాలో లేదు. అది అవసరం లేని వివరం.

ఇంగ్లండ్‌లో 1994 నుంచి వరుసగా మూడేళ్లు ఈ పూజ నిష్ఠగా జరిగింది. అప్పట్లో అయిదో అంచె విజేతకు నాలుగో అంచెలోకి తలుపు తెరవాలి, అక్కడ చివర నిలిచిన జట్టు కిందికి దిగాలి. 1994లో కిడ్డర్‌మిన్‌స్టర్ గెలిచింది, మైదానం బాగాలేదన్నారు. అట్టడుగున ఉన్న నార్తాంప్టన్ బతికిపోయింది. 1995లో మాకిల్స్‌ఫీల్డ్ గెలిచింది, మళ్లీ అదే మాట, ఎక్సెటర్ బతికిపోయింది. 1996లో స్టీవనేజ్ గెలిచింది, టార్కీ బతికిపోయింది. ఆ మూడేళ్లూ ఆ లీగులో చివరి స్థానమంత భద్రమైన చోటు మరొకటి లేదు.

స్టీవనేజ్ కోర్టుకెక్కింది. మైదానం పనులు సీజన్ మధ్యలో, డిసెంబరు చివరికే పూర్తి కావాలన్నది గడువు. గెలుస్తారో లేదో మే నెలకు గాని తేలదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెతను నవ్వడానికి చెప్పుకుంటాం మనం, వాళ్లు దాన్నే గడువుగా రాసుకున్నారు. న్యాయమూర్తి నిబంధనల మీద కొన్ని అభ్యంతరాలు చెబుతూనే, క్లబ్బు ఆలస్యంగా వచ్చిందని ఉపశమనం నిరాకరించారు. అంటే సోమలింగం అన్న పేరు నచ్చకపోతే ఆ సంగతి పెళ్లికి ముందే కోర్టులో చెప్పుకోవాలి. కొడుకు పుట్టాక వచ్చి ఏడిస్తే ఎవరు వింటారు? స్టీవనేజ్‌కు ఆ తలుపు తెరుచుకున్నది 2010లో.

జర్మన్లు ఇలాంటి విషయాల్లో మరింత కచ్చితం. 2021 నాటికి అక్కడ మూడో అంచెలో ఆడాలంటే స్టేడియంలో కనీసం 10,001 మందికి చోటుండాల్సి వచ్చేది. పదివేలు కాదు, పదివేల ఒకటి. ఆ ఒక్కడు ఎవరో చూడాలని నాకు చాలాకాలంగా కోరిక. 2021లో హావెల్జే అనే చిన్న ఊరి క్లబ్బు ఆ అంచెకు ఎక్కి, ఆ ఒక్కణ్ణీ ఎక్కడ కూర్చోబెట్టాలో తోచక, పొరుగున ఉన్న హనోవర్ పెద్ద స్టేడియంలో సొంత మ్యాచులు ఆడుకుంది. దాదాపు యాభై వేల మందికి చోటున్న స్టేడియం. సొంతింట్లో కుర్చీలు చాలలేదని పెళ్లి మండపం అద్దెకు తీసుకుని అందులో మూలన కూర్చుని భోంచేసినట్టు. రోడింగ్‌హాజెన్ అనే క్లబ్బు ఇంకా తెలివైనది. 2020లో తన ప్రాంతీయ లీగులో అగ్రస్థానంలో నిలిచి కూడా, పైకి వెళ్లడానికి లైసెన్సు దరఖాస్తే పెట్టలేదు. ఎందరు నవ్వుకున్నా, నాకు మాత్రం అది కార్యదర్శి కొట్టిన గోలులాగే కనిపిస్తుంది.

ఇంత సూక్ష్మంగా చూసే కళ్లు పెద్దవాటిని ఎలా చూస్తాయో తెలుసుకోవాలంటే ఇంగ్లండ్ క్లబ్బు బరీ దగ్గరికి వెళ్లాలి. 2006లో బరీ ఒక ఆటగాణ్ణి హార్టిల్‌పూల్ నుంచి లోన్ మీద తెచ్చుకుంది. అతణ్ణి కప్పులో ఆడించడానికి పంపిన క్లబ్బు రాతపూర్వక అనుమతి కావాలి. అది చేతికి రాకుండానే ఆడించారు, గెలిచారు, కప్పు నుంచి గెంటివేతకు గురయ్యారు. ఒక్క ఉత్తరం లేనందుకు. సరే, రూలు రూలే.

అదే బరీ 2018 చివర్లో ఒక్క పౌండుకు చేతులు మారింది. పౌండు అంటే అచ్చుతప్పు కాదు, నాణెం. కొన్నాయన దగ్గర క్లబ్బు నడిపే డబ్బు ఎంతుందో, ఎక్కడినుంచి వస్తుందో తేల్చే పరీక్ష ఉండనే ఉంది. ఆటగాడి ఫారంలో రెండో తేదీ కోసం వెతికే పరిశ్రమకు ఇది చిటికెలో పని. కాని కొనుగోలు ముందు జరిగింది, డబ్బు రుజువుల వేట తర్వాత సాగింది. 2019 ఆగస్టులో బరీని లీగు నుంచి బహిష్కరించారు. 1894 నుంచి ఉన్న సభ్యత్వం, 125 ఏళ్లు. 2006లో అడిగిన ఉత్తరంలాంటిదేదో 2018లో ఒకటి అడిగి ఉంటే అన్న ఆలోచన వస్తుంది గాని, అలా ఆలోచించేవాళ్లకు ఫుట్‌బాల్ పరిపాలన అర్థం కాదు. చీమ కాళ్లు లెక్కపెట్టేవాడికి ఏనుగు అడ్డం వస్తే పక్కకు జరగమంటాడు, అంతే.

రీప్లేల సంగతి రెండు ముక్కల్లో చెప్పి వదిలేస్తాను. పెద్ద జట్టుతో డ్రా చేసి, రెండో మ్యాచ్ టికెట్ల డబ్బుతో పైకప్పు బాగుచేయించుకున్న చిన్న క్లబ్బులు ఎన్నో. 2024-25 నుంచి ఎఫ్‌ఏ కప్పు మొదటి రౌండు మొదలుకొని రీప్లేలు ఎత్తేశారు, పెద్ద క్లబ్బుల కాలెండరులో ఖాళీ లేదని. పైకప్పు ఉండాలన్న నిబంధన మాత్రం ఎత్తేయలేదు.

చివరగా ఇంగ్లండ్ క్లబ్బు సటన్ యునైటెడ్. కృత్రిమ గడ్డి పరిచిన చిన్న మైదానం. 2017లో ఎఫ్‌ఏ కప్పులో లీడ్స్‌ను ఓడించి, అయిదో రౌండులో ఆర్సెనల్‌ను ఆ ప్లాస్టిక్ మీదికే రప్పించింది. కప్పు నిబంధనలకు ప్లాస్టిక్‌తో పేచీ లేదు. ఓడింది 0-2తోనే, కాని ఆ రాత్రి కథ వేరే చోట జరిగింది. సటన్ రిజర్వు గోల్‌కీపరు, నలభై దాటిన భారీ మనిషి, బెంచీ దగ్గర నిలబడి కెమెరాల ముందు ఒక పై తిన్నాడు. పేస్ట్రీలో కూరిన మాంసం, మ్యాచుల్లో అక్కడ అందరూ తినేదే. అతను తింటాడా లేదా అని ఒక పందాల సంస్థ ముందే ఒకటికి ఎనిమిది రెట్లు ప్రకటించింది. ఆ మ్యాచ్‌కు సటన్ చొక్కాల మీద ఉన్న ప్రకటన కూడా ఆ సంస్థదే. చొక్కా మీద ఉంటే ఆదాయం, నోట్లో ఉంటే నేరం. మర్నాటికి అతని ఉద్యోగం పోయింది, తర్వాత ఎఫ్‌ఏ 375 పౌండ్ల జరిమానా, రెండు నెలల నిషేధం వేసింది. ఆ రెండు నెలల లెక్కలో ఏ కార్యదర్శీ తేదీ మరిచిపోలేదు.

2021లో సటన్ అయిదో అంచె గెలిచి, చరిత్రలో మొదటిసారి నాలుగో అంచెలో అడుగుపెట్టింది. అక్కడ ప్లాస్టిక్ కుదరదన్నారు. ఆర్సెనల్ ఆడిన నేలే, కప్పులో చెల్లిన నేలే, లీగులో మాత్రం చెల్లదు. ఊళ్లో పిల్లలు వారమంతా ఆడుకునే ఆ పరుపును పీకించి, లక్షల పౌండ్లు పోసి అసలు గడ్డి వేయించారు. గడ్డి మొలిచింది, మూడు సీజన్లు ఆడారు. 2024లో కిందికి జారి మళ్లీ అయిదో అంచెకు వచ్చారు. ఆ లీగులో ప్లాస్టిక్‌కు ఏ అభ్యంతరమూ లేదు.