హాకింగ్‌ని చూపించి మా పెద్దనాన్నని తిట్టకండి

మా ఫ్యామిలీ గ్రూపులో ఈ వారం మూడుసార్లు తిరిగిన ఫార్వర్డ్ ఇది: "మోటార్ న్యూరాన్ జబ్బులో కండరాలే పడిపోతాయి, మెదడు చెక్కుచెదరదు, సైంటిస్ట్ స్టీఫెన్ హాకింగే సాక్ష్యం. పేషెంట్ మొండికేస్తే అది డిప్రెషన్, ధైర్యం చెబితే పోతుంది. మందే లేని జబ్బుకి మెదడు టెస్టులెందుకు, డబ్బు దండగ." పంపినవాళ్ళ మనసు మంచిదే. కానీ మల్కాజిగిరిలో ఈ జబ్బున్న మా పెద్దనాన్న ఇంట్లో ఆర్నెల్లు గొడవ పెట్టినవి సరిగ్గా ఈ మాటలే.

మెదడు చెక్కుచెదరదట. 1869లో ఫ్రెంచ్ డాక్టర్ షార్కో ఈ జబ్బుని వర్ణించినప్పటి నుంచి చాలాకాలం డాక్టర్లూ అలాగే నమ్మారు. ఇప్పుడు తెలిసిందేంటంటే, దాదాపు సగం మందిలో ఆలోచనలోనో ప్రవర్తనలోనో ఎంతో కొంత మార్పు వస్తుంది, నూటికి పది పదిహేను మందిలో అది ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియా (మెదడు ముందు, పక్క భాగాలు దెబ్బతిని ప్రవర్తన, మాట మారిపోయే జబ్బు) దాకా వెళ్తుంది. రెండు జబ్బుల్లోనూ చాలామందికి కణాల్లో పేరుకుంటున్నది టీడీపీ-43 అనే ఒకే ప్రొటీన్ అని 2006లో బయటపడింది. 2011లో సీ9ఓఆర్ఎఫ్72 అనే జన్యువు సంగతి తేలింది. అందులో లోపం ఉంటే ఒకే కుటుంబంలో ఒకరికి కాళ్ళూ చేతులూ పడిపోవచ్చు, ఇంకొకరికి డిమెన్షియా రావచ్చు, ఒక్కరికే రెండూ రావచ్చు.

ఇక హాకింగ్. 1963లో, 21 ఏళ్ళప్పుడు జబ్బు బయటపడింది, 2018లో 76 ఏళ్ళకి పోయాడు. చాలామంది రెండు నుంచి ఐదేళ్ళే బతికే జబ్బులో యాభై ఐదేళ్ళు నెట్టుకొచ్చిన మనిషిని పట్టుకొచ్చి అందరికీ కొలబద్దగా పెడితే ఎలా? మార్పు రాని సగంలో ఆయన ఉన్నాడు, అంతే.

"అన్నీ గుర్తున్నాయిగా, ఇంక మెదడుకేమైంది?" ఇది ఫార్వర్డ్‌లో లేదు, మా బాబాయి అన్నాడు. నిజమే, 1983 ఫైనల్లో మనవాళ్ళు 183, వెస్టిండీస్ 140 అని పెద్దనాన్న ఇప్పటికీ టకీమని చెప్తాడు. ఇది అల్జీమర్స్ లాంటిది కాదు, జ్ఞాపకశక్తి చాలావరకు బాగానే ఉండొచ్చు. దెబ్బతినేది వేరే: పని వరసగా ప్లాన్ చేసుకోవడం, తన్ను తాను ఆపుకోవడం, మాట వెతుక్కోవడం, ఎదుటి మనిషి మొహం చూసి బాధ పసిగట్టడం. పెద్దమ్మకి ఒళ్ళు కాలిపోయే జ్వరం వచ్చిన రోజు, పూర్వం ఆమెకి తలనొప్పి అంటేనే అమృతాంజనం పట్టుకుని పరుగెత్తిన మనిషి, మంచం పక్కన నిలబడి "నా టీ ఏది?" అన్నాడు.

దాన్ని మేము అహంకారం అన్నాం, తర్వాత డిప్రెషన్ అన్నాం. డిప్రెషన్ కూడా రావచ్చు, దానికి వైద్యం వేరు. కానీ ఈ జబ్బులో ప్రవర్తనలో ఎక్కువగా కనిపించే మార్పు ఉదాసీనత. దిగులు పడ్డ మనిషికి లోపల బాధ ఉంటుంది, ఉదాసీనతలో ఆ బాధా ఉండకపోవచ్చు. ఏ పనీ మొదలుపెట్టాలనిపించదు. దానికి ధైర్యం చెప్పి ఏం లాభం?

టెస్టు దండగన్నారు. ఎడిన్‌బరోలో ఈ జబ్బు కోసమే తయారుచేసిన ఈకాస్ అనే పరీక్ష ఉంది, పదిహేను ఇరవై నిమిషాల పని. ఫలానా అక్షరంతో మొదలయ్యే మాటలు చెప్పమంటారు, చెప్పలేకపోతే రాయొచ్చు, నాలుకో చెయ్యో మెల్లగా కదలడం వల్ల పోయే టైం లెక్క తీసేస్తారు. ప్రవర్తన గురించి ఇంట్లోవాళ్ళని విడిగా అడుగుతారు. పెద్దమ్మ ఆ గదిలో చెప్పినవి మాలో ఎవరికీ అంతకుముందు చెప్పలేదు.

పూర్తిగా నయం చేసే మందు లేకపోయినా చేసేది చాలా ఉంది. రాత్రిళ్ళు ఊపిరి సరిగ్గా అందకపోయినా పొద్దున తలనొప్పి, మగత, మతిలేనట్టుండటం వస్తాయి, కొందరికి మాస్కు ద్వారా గాలి అందించే బైపాప్ మెషీన్‌తో అది తగ్గుతుంది. గొట్టం ద్వారా తిండి, బ్యాంకు సంతకాల లాంటి నిర్ణయాలు ఆయన తేల్చుకోగలిగినప్పుడే ఆయన్నే అడగాలి.

ఇది చదివి రేపు ప్రతి పేషెంటుకీ మతి పోయిందనకండి, సగం మందికి ఏ మార్పూ ఉండదు. మాట పోయినంత మాత్రాన అర్థం కానట్టు కాదు. కారణం లేకుండా నవ్వో ఏడుపో తన్నుకొస్తే అదీ పిచ్చి కాదు, ఆ అదుపు తప్పడం వేరే సమస్య.

పెద్దనాన్న ఉస్మానియా బిస్కెట్లు మూడేసి నోట్లో కుక్కుకుని ఉక్కిరిబిక్కిరయ్యేవాడు. ఆబ అనుకున్నాం. ఇప్పుడు పెద్దమ్మ డబ్బా పైఅరలో దాచి, టీలో నానబెట్టిన బిస్కెట్ ఒక్కో ముక్కా చెంచాతో ఇస్తోంది, మింగాకే రెండోది.